అనూరాధలో ఎర్ర గీత

ఆనేకల్,
5 మే 2025

ఒరేయ్ కిరణా,

ఈ పోస్టాఫీసులో జిగురు బుడ్డి ఎండిపోయి ఉండాదప్పా. పుల్ల పెట్టి గీకితే పుల్ల విరిగె గానీ జిగురు రాలేదు. కౌంటర్లో పాపని అడిగితే "స్టాకు బందిల్ల తాతా" అనె, రాలేదంట. "మరి ఎంగిలి పెట్టి అంటించేదా తల్లీ? ఇది జైలుకి పోయే కవరు, మర్యాదగా ఉండొద్దా?" అంటే లైన్లో ఉండేవాళ్ళంతా నా పక్క తిరిగి చూసినారు. ఇంటికొచ్చి నాలుగు అన్నం మెతుకులు నలిపి పెట్టినా, రాసేది అయినంక అంటిస్తా. ఆపైన గుర్తొచ్చె, అక్కడ ఎట్లా చింపేదే కదా, ఇంత కష్టం దేనికి అని. చింపే సారూ, మెతుకులు సోనామసూరివి, పారేయొద్దండి.

ములాకాత్‌కి వస్తే గాజుకి అవతల నీ నోరు ఆడేది కనిపిస్తాది గానీ మాట నా చెవికి ఆనదు. ఫోనూ అంతే. అందుకే ఈ ఉత్తరం. కన్నడంలో నాకు బస్సు బోర్డు చదివేంత మాత్రమే వస్తాది. హోసూరు పక్క తెలుగు బడిలో నాలుగో క్లాసు దాకా చదివిన చదువు ఇది. తప్పులుంటే నీ ఖర్మ, నీకు తెలుగు అక్షరాలు నేర్పిందీ నేనే కదా.

చిన్నకోర్టులో బెయిలు కొట్టేసినారని నీకు తెలిసే ఉంటాది. ఎండాకాలం కోర్టు సెలవులు అయినంక పెద్దకోర్టులో వేస్తానన్నాడు లాయరు. మీ ఫ్యాక్టరీ ఓనరుకి మాత్రం గుండెనొప్పి అని మొదటి వారమే ఇచ్చేసినారు. నాక్కూడా అప్పుడప్పుడూ గుండె నొస్తాది, ఎవురూ ఏమీ ఇచ్చింది లేదు.

ఇంగ అసలు సంగతి. నీ కెమెరా, మూడు కాళ్ళ స్టాండు, కెమెరా ముందు బిగించే ఆ గాజుబిళ్ళ, అన్నీ తీసి మిద్దె మీద పెట్టినా. అరవొద్దు. నేనొక్కణ్ణే కాదు, మహదేవపుర నుంచి నీ స్నేహితుడు రియాజ్ వచ్చినాడు. "కాలేజీలో ఉన్నప్పటి నుంచి కిరణ్ ఈ ఒక్క చుక్కని వదలకుండా తీస్తాండాడు తాతా, ఈ సీజను తప్పిందంటే గొలుసు తెగినట్లే" అన్నాడు. "నేనుండంగ ఎట్ల తెగుతాదిరా? జీవితమంతా మగ్గం మీద తెగిన పోగులు ముడేసినోణ్ణి" అన్నా. నవ్వినాడు గానీ మొహం బాగాలేదు వానికి.

అనూరాధలో నడిమి చుక్క, తూర్పు దక్షిణం మూల. రియాజ్ చూపించె, నేను బటను నొక్కినా. చుక్క ఒక పక్క, దాని రంగులు ఇంకో పక్క పట్టీ మాదిరి పరుచుకోని ఉండె, చీర అంచు ఆరేసినట్ల. నడిమధ్య పసుపు గీత ఒకటి ధగధగ వెలుగుతాండె. "ఒరేయ్ రియాజూ, కొత్త లోకం కనిపెట్టినానురా!" అని అరిస్తే మీ అమ్మ నేను పడిపోయినాననుకోని పరిగెత్తుకోని వచ్చె. ఆ గీత ఏందో రాయి. నా పేరు పెడతారా దానికి?

భోంచెయ్. తలకి నూనె పెట్టుకో.

మగ్గం దిగి మిద్దె ఎక్కిన మీ తాత,
పెద్దమునియప్ప

—

బెంగళూరు,
25 మే 2025

తాతా,

నీ ఉత్తరం ఇక్కడి ఆఫీసులో చాలా రోజులు పడి ఉంది. ఉత్తరాలు చూసేవాళ్ళకి కన్నడ, తమిళం, ఇంగ్లిషు వచ్చు. తెలుగు చదవడం వచ్చిన వార్డరు ఒక్కడే, చెన్నరాయప్ప అని, చింతామణి వాడు. అతను డ్యూటీలో ఉంటేనే మన ఉత్తరాలు కదులుతాయి. మెతుకుల సంగతి చదివి నవ్వాడట. మంచివాడు. దయచేసి అతన్ని ఆటపట్టించకు.

నువ్వు కనిపెట్టిన లోకం పక్కవీధి గోడౌన్ కాంపౌండులోని సోడియం దీపం. నీ పేరు పెట్టడానికి వాళ్ళు ఒప్పుకోరనుకుంటా. ఆ గాజుబిళ్ళ మీద కంటికి కనబడనంత సన్న గీతలుంటాయి. ఏ వెలుగు పడినా రంగులుగా విడదీస్తుంది, చుక్కదా దీపందా అని అడగదు. కెమెరాని వాటర్ ట్యాంకు చాటుకి జరిపి తీస్తే దీపం పడదు.

రియాజ్‌ని రానివ్వడం నాకిష్టం లేదు. నా గురించి వాడికి పోలీసు ప్రశ్నలు ఎందుకు? కానీ మొదలుపెట్టేశావు కాబట్టి చెప్తాను. ఏం చూడాలో తెలియకుండా చూస్తే నీకూ విసుగొస్తుంది.

ఆ చుక్క చాలా వేగంగా తిరుగుతుంది. నడుం దగ్గర దాని వాయువు ఊడి చుట్టూ పళ్ళెంలా పరుచుకుంది. ఆ పళ్ళెంలో హైడ్రోజన్ వెలిగితే రంగుల పట్టీలో ఎరుపు దగ్గర ఒక గీత మెరుస్తుంది. పళ్ళెం పెరిగితే గీత పెరుగుతుంది, పల్చబడితే తగ్గుతుంది. 2000వ సంవత్సరంలో అది ఉన్నట్టుండి ఇలా వెలగడం మొదలుపెట్టింది. ఎప్పుడు మానేస్తుందో ఎవరికీ తెలియదు. అక్కడికి ఎవరూ పోలేరు, ఎంత పెద్ద దుర్భిణిలో చూసినా అది చుక్కలాగే ఉంటుంది. మనకొచ్చే కబురు ఆ గీత ఒక్కటే. పెద్ద పెద్ద దుర్భిణులకి ఒకే చుక్కని వారం వారం చూసే తీరిక ఉండదు. అందుకని మాలాంటి మిద్దెల మీది వాళ్ళం చూసి, అందరం కలిసి ఒకే పట్టికలో ఎక్కిస్తాం.

ఇక్కడ పొద్దు ఉండగానే బ్యారక్‌లోకి పంపి తాళం వేస్తారు. వచ్చినప్పటి నుంచి ఒక్క చుక్కని కూడా చూడలేదు. తాళం పడిన చప్పుడు విన్నప్పుడల్లా జేబు తడుముకుంటాను. మంటలొచ్చిన రోజు జిగణి గోడౌన్ వెనక తలుపు తాళంచెవి నా జేబులోనే ఉంది కదా. సామాను దొంగతనం పోతోంది, తాళం వేసేయ్ అని ఓనరు అంటే వేశాను. మా షిఫ్టులో పనిచేసే పుల్లమ్మ, ఆ మంటల్లో పోయిన ఆవిడ, లోపల ఉందని నాకు తెలియదు. షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా ఉన్న నేనే "నాకు తెలియదు" అంటే వినేవాళ్ళకి ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకో.

కిరణ్

—

ఆనేకల్,
15 జూన్ 2025

నాయనా కిరణా,

దీపాన్ని చుక్క అనుకున్నోడు మీ తాత అని ఊరంతా చెప్పుకోని తిరుగుతాండా, నువ్వు చెప్పకముందే. టీ అంగడి అశోక్‌కుమార్ నన్ను చూస్తే ట్యూబ్‌లైటు ఆర్పి "తాతా, గ్రహణం" అంటాడు.

ట్యాంకు చాటుకి జరిపినాము. దీపం పాయె. ఎర్ర గీత వచ్చె! మీ అమ్మకి చూపిస్తే "ఇదేనా మామా, దీనికేనా వాడు అన్నం చల్లారిపోయేదాకా పైన కూర్చునేది?" అనింది. చాలాసేపు చూసింది. ఆపైన కొంగుతో కెమెరా తుడవబోతే రియాజ్ "అమ్మా, అద్దం ముట్టొద్దు, అద్దం ముట్టొద్దు" అని గోల పెట్టినాడు.

నాకొక డౌటు. పక్కనుండే ఇంకో మూడు చుక్కలు కూడా ఊరికే తీసి చూసినా. అన్నిట్లోనూ ఎరుపు చివర ఒకే చోట నల్ల గీత ఉండాది. అన్నీ ఒక అవ్వ బిడ్డలా? లేదంటే మళ్ళీ ఏదన్నా దీపమా? దీపం నల్లగా వెలగదు కదప్పా.

రియాజ్ కొలిచిన అంకెలు నీకు పంపమన్నాడు. 4861, 5893, 6563, 6870. నీకు ఏవి యాడివో తెలుస్తాదంట.

ఏమప్పా చెన్నరాయప్పా, చింతామణి వాడివంట కదా? ఈ అంకెలు ఏందో చెప్పు చూద్దాం. లారీ నంబర్లో, తాళం నంబర్లో, గోడ దూకే టైములో, బాగా ఆలోచించు. కనుక్కుంటే నీకు ప్రమోషను, నాకు మీసం బోడి.

పెద్దకోర్టులో వచ్చే నెల వాయిదా ఉండాది. ఈసారి వస్తాది అంటాడు లాయరు. అట్ల అనేదానికే వాడికి ఫీజు.

ప్రమోషను ఇప్పించే తాత,
పెద్దమునియప్ప

—

బెంగళూరు,
9 జూలై 2025

తాతా,

నీ నుంచి ఉత్తరం రాలేదు. దీపమని ఎగతాళి చేశానని కోపమా? ఒంట్లో బాగాలేదా? అమ్మని ఫోనులో అడిగితే "బాగానే ఉన్నాడు" అంటుంది. అమ్మ అన్నిటికీ అదే అంటుంది. నేను లేనప్పుడు నాన్న పోయిన రోజు కూడా ఫోనులో అదే అంది.

చెన్నరాయప్ప కనబడటం లేదు. వేరే డ్యూటీకి మార్చారట.

నిన్న నన్ను ఆఫీసుకి పిలిచారు. ఇద్దరు ఆఫీసర్లు, మధ్యలో ఒక కాగితం. నాకు చూపించలేదు. ఒకాయన కన్నడలో నాలుగు అంకెలు చదివి, "ఇవేంటి? ఎవరి నంబర్లు? దేనికి కోడ్?" అన్నాడు. నాలుగు వేల ఎనిమిది వందల అరవై ఒకటి అనగానే నాకు నవ్వొచ్చింది తాతా. ఆపుకోలేకపోయాను. ఇక్కడికొచ్చాక నేను నవ్వడం అదే మొదటిసారి. ఆరు వేల ఐదు వందల అరవై మూడు అన్నాడు. ఆ ఎర్ర గీత ఇంకా ఉందన్నమాట! నా చుక్క సంగతి నాకు అలా తెలిసింది, నిలబెట్టి అడిగిన ప్రశ్నలో.

చుక్కల రంగుల కొలతలు సార్ అని చెప్పాను. వాళ్ళు నవ్వలేదు. "తాత ఏం చదివాడు?" అన్నారు. నాలుగో తరగతి అన్నాను. "నాలుగో తరగతి ముసలాయన చుక్కలు కొలుస్తాడా?" అన్నారు.

అంకెలు రాయొద్దు. వాయిదా దగ్గరికొస్తోంది. ఈసారి వస్తుందేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. అనిపించిన రోజు నిద్ర పట్టదు.

కిరణ్

—

ఆనేకల్,
3 ఆగస్టు 2025

అప్పా కిరణా,

బెయిలు రాలేదని ఈసరికి నీకు చెప్పేసి ఉంటారు. ఎట్ల రాలేదో నేను చెప్తా, నేను అక్కడే ఉంటిని.

మీ అమ్మ, నేను, రియాజ్ వెనక బెంచీలో కూర్చున్నాము. గవర్మెంటు లాయరమ్మ లేచి తాళంచెవి సంగతంతా చెప్పె. ఆపైన నా ఉత్తరం తీసె. నా కోడి గీతలు దూరం నుంచే గుర్తు పట్టినా. "లోపల ఉండి కూడా బయటివాళ్ళతో కోడ్ అంకెల్లో మాట్లాడుతున్నాడు, గోడ దూకే టైము అని రాసి ఉంది, బయటికొస్తే సాక్షుల్ని బెదిరిస్తాడు" అనింది. రియాజ్ నాకు చెవిలో తెలుగు చేసి చెప్తానే ఉండె. చెప్తా చెప్తా ఆపేసె.

నేను లేచి నిలబడినా. "స్వామీ, అది రాసింది నేను. తమాషాకి రాసినా. అవి రంగులు స్వామీ" అన్నా.

మన లాయరు నా పంచె పట్టి లాగి కూర్చోబెట్టె. "తాతా, నోరు మూసుకోకపోతే నిన్నూ లోపలేస్తారు" అన్నాడు.

"వేయనీ, వాని పక్కనే వేయమని చెప్పు" అన్నా.

జడ్జి నా పక్క ఒక్కసారి చూసినాడు, కోపంగా కాదు. అంకెలతో పని లేదు, తాళం చాలు అన్నాడంట. బయటికొచ్చినంక లాయరు కూడా అదే మాట, ఉత్తరం వల్ల కాదు తాతా అని. మీ అమ్మా అదే అనింది. ముగ్గురూ ఒకే మాట అంటే నాకు నమ్మకం రాదు. జీవితమంతా అందర్నీ ఆడించి నవ్విచ్చినా. ఈ ఒక్కసారి ఎవురూ నవ్వలేదు కిరణా.

నీకు బట్టలిచ్చేదానికి వస్తే మీ గేటు దగ్గర ఎండలో ఒకాయన నిలబడి ఉండె, చొక్కా మీద పేరు చూస్తే చెన్నరాయప్ప. "నేనే పెద్దమునియప్ప" అన్నా. కొడతాడేమో అనుకుంటి. "నీ అంకెల వల్ల గేటు డ్యూటీ వచ్చె తాతా, అదేనా నువ్వు చెప్పిన ప్రమోషను?" అన్నాడు. చేతులు పట్టుకున్నా. ఎండకి కాలిపోయి ఉండాయి. "ఇంగ ఎవురికీ రాయొద్దులే" అన్నాడు.

అంతకు ముందు రెండు ఆదివారాలు మేఘాలు. మొన్న ఆదివారం పొద్దు మునిగినంక కొంచెంసేపు తెరిపిచ్చె. ఎర్ర గీత ఉండాది. అంకెలు రాయనులే. నల్ల గీత సంగతి ఆ ఉత్తరంలోనే అడిగినా, అది నీకు చేరనే లేదు కదా. ఏ చుక్కని తీసినా ఎరుపు చివర ఒకే నల్ల గీత ఎందుకు ఉంటాది? ఇదన్నా చెప్పు. కోపం ఉంటే కోపంగానే చెప్పు.

తాత

—

బెంగళూరు,
14 సెప్టెంబరు 2025

తాతా,

ఆ నల్ల గీత చుక్కలది కాదు. మన గాలిది. ఎన్ని వందల ఏళ్ళు ప్రయాణం చేసి వచ్చిన వెలుగైనా చివర్లో మన గాలిలోంచే దిగాలి. దిగేటప్పుడు మన ప్రాణవాయువు అందులో కొంత మింగేస్తుంది. అందుకే అన్ని చుక్కల్లోనూ ఒకే చోట. కొత్తవాళ్ళందరూ అది చుక్కలో ఉందనుకుంటారు. నేనూ అనుకున్నాను. వచ్చిన వెలుగులో ఎంత దానిదో, ఎంత మనదో తీసి చూడటానికే నాకు రెండేళ్ళు పట్టింది.

ఓనరు చెప్పిన మాట ఎంత, నేను తిప్పిన తాళం ఎంత అని ఇక్కడ రోజూ అలాగే తీసి చూస్తుంటాను. తాళం దగ్గర లెక్క తప్పదు. తిప్పింది నా చెయ్యే.

ఉత్తరం వల్ల కాదు తాతా. నిజంగానే. నువ్వు రాయకపోయినా ఇదే అయ్యేది. నీ మీద కోపం లేదు. ఉంటే బాగుండును, కొంచెం తేలిగ్గా ఉండేది.

కింది కోర్టు వాయిదాకి తీసుకెళ్ళినప్పుడు అక్కడి మెట్ల మీద పుల్లమ్మ కొడుకుని చూశాను. నన్ను తిట్టలేదు. ఎండలో నిలబడి నీళ్ళ సీసా మూత తీస్తూ, పెడుతూ, తీస్తూ ఉన్నాడు. వాడి ముందు నుంచి నడిచి వెళ్ళాక, ఒక చుక్క కోసం ఏడవడానికి నాకు సిగ్గేసింది. సాక్షులు చాలామంది, విచారణ మొదలవడానికే ఏళ్ళు పడుతుందట. బెయిలు కోసం సుప్రీంకోర్టుకి పోదామని లాయరు అన్నా, నేను అమ్మని వద్దన్నాను.

నువ్వు ఇక మిద్దె ఎక్కొద్దు. మెట్లు తడిసి ఉంటాయి, నీ మోకాళ్ళు నీ మాట వినవు, పడితే అమ్మ ఒక్కతే మోయాలి. కెమెరా రియాజ్‌ని ఉంచుకోమను. గొలుసు ఎలాగూ తెగింది. పట్టికలో ఈ సంవత్సరం నా పేరుండే చోట ఖాళీ. మొహాలు తెలియకపోయినా, ఇన్నేళ్ళూ ఆ చుక్కని నాతో పాటు చూసినవాళ్ళు ఎక్కడెక్కడో ఉన్నారు. వీడూ విసుగొచ్చి మానేశాడు అనుకుంటారు. నేను ఇక్కడున్నానని తెలియడం కంటే అదే నయం. కానీ మానేశానని అనుకుంటారే అన్నది మాత్రం పోవడం లేదు.

ఇక ఉత్తరాలు వద్దు తాతా. వచ్చేదాకా ఎదురుచూడటం, రాకపోతే భయపడటం, ఆ రెండూ ఇక చేతకావడం లేదు.

కిరణ్

—

ఆనేకల్,
2 నవంబరు 2025

కిరణా,

ఉత్తరాలు వద్దన్నావు కాబట్టి ఇన్ని రోజులు నోరు కట్టుకోని ఉంటిని. ఇది ఒక్కటి రాస్తా. దీనికి జవాబు వద్దు. ఎదురు చూసే పని నేను పెట్టుకోను, నువ్వూ పెట్టుకోవద్దు.

చుక్క పోయింది. పోయిన నెలలో నీలగిరి చెట్లపైన కొంచెంసేపు కనిపిస్తాండె, ఇప్పుడు సూర్యుడి వెలుగులో కలిసిపోయె. మళ్ళీ కనపడేది వచ్చే సంవత్సరం తెల్లారుజామున అంట. వచ్చే సంవత్సరం మాట నేను చెప్పలేను. కుడి కన్నుకి పొర వచ్చింది, డాక్టరు కోయాలంటాడు. ఎడమది ఎప్పుడూ అంతే. మెట్లెక్కేది ఇంగ నాకు కాదు. అబద్ధమెందుకు, నువ్వు వచ్చేదాకా నేనుంటానని కూడా నాకు అనిపించడం లేదు.

జిగణికి పోయినా, పుల్లమ్మ కొడుకు ఉండే వఠారానికి. నువ్వు పంపలేదు, నేనే పోయినా. తలుపు తట్టి ఎవురో చెప్పినా. లోపల టీవీ ఆపిన చప్పుడు వచ్చె. తలుపు తీయలేదు. చాలాసేపు నిలబడి బస్సుకి వచ్చేసినా. ఏం చెప్పేదానికి పోయినానో అది నాకూ తెలీదు, తీసి ఉంటే ఇద్దరికీ కష్టమయ్యేది.

మీ అమ్మ బాగానే ఉండాది. ఈ మాట నేను చెప్తే ఎంత నమ్మాలో నీకు తెలుసు.

నేను ఒక పని చేసినా. చిన్న ఆట. చెప్పకుండా పోతే ఆ రియాజ్ మీద పడుతుందని చెప్తాండా.

మొదటిసారి బొమ్మ మంచిగా వచ్చినప్పుడు రియాజ్ లాప్‌టాప్ తెరిచి, పట్టికలో ఎవురు తీసినారో రాయాలి తాతా, నీ పేరు రాస్తా అన్నాడు. వానికి తెలుగు మాట్లాడను వస్తాది, చదవను రాదు. నేను లోపలికి పోయి నువ్వు మే నెలలో రాసిన ఉత్తరం తెచ్చి, అద్దాలు పెట్టుకోని, వేలు పెట్టి చదివి వినిపించినా. "రియాజ్‌కి చెప్పు తాతా, నువ్వు తీసినా నా పేరే రాయమను, కెమెరా నాది కాబట్టి అది రూలే" అని ఉండాదిరా, చూసుకో అన్నా. వాడు పాపం అక్షరాల పక్క చూసి, "అట్ల రూలు నేను వినలేదే, కానీ కిరణ్ చెప్పినాడంటే సరే" అన్నాడు. నేను వేలు పెట్టిన చోట నువ్వు రాసింది, మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకో అని.

మేఘాలున్న వారాలు ఏమీ ఎక్కించలేదు. వంకరగా వచ్చిన బొమ్మలు పారేసినాము. నువ్వు వద్దన్నంక కూడా ఎక్కినా. ఎక్కించినవన్నీ నిజం బొమ్మలే, ఆ చుక్క వెలుగే. పేరు మాత్రం దొంగది. తెలిస్తే నువ్వు తీసేయమంటావు, అది నీ ఇష్టం. అంతవరకూ ఆ పట్టిక చూసే వాళ్ళెవరికీ నువ్వు మానేసినట్ల కనపడదు. ఈ సంవత్సరమంతా నువ్వు ఆనేకల్లో, మన మిద్దె మీద, ట్యాంకు చాటున నిలబడి ఉండావు.

పెద్దమునియప్ప